పైపులకూ ఎండదెబ్బ!

వేసవి రాత్రి పది దాటింది. వంటిల్లు సర్దేసి, లైట్లు తీసేసి నడుం వాల్చారు. ఇల్లంతా సద్దుమణిగాక డాబా మీంచి ‘టక్’మని ఒక చప్పుడు. కాసేపాగి మళ్ళీ ‘టక్... టక్’. మీ ఇంట్లోనూ వినే ఉంటారు. బల్లి అంటారు కొందరు, పిల్లి అంటారు కొందరు. మా వీధిలో ఒకావిడైతే ఆ చప్పుడుకి జడిసి పిల్లల్ని మేడమీద పడుకోనివ్వడమే మానేశారు.

బల్లీ కాదు, పిల్లీ కాదు. పగలంతా ఎండకి సాగిన నీళ్ళ పైపు రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. అలా ముడుచుకునేటప్పుడు తనని పట్టుకున్న క్లాంపుల దగ్గర ఉండుండి ఒక్కసారిగా జారుతుంది. ఆ జారుడు చప్పుడే అది.

‘దీనిక్కూడా ఓ వ్యాసమా!’ అనుకుంటున్నారేమో. చప్పుడు చేసే పైపుతో నాకూ పేచీ లేదు. అది కదలగలుగుతోంది కనకే చప్పుడు చేస్తోంది. కదలడానికి చోటు లేని పైపు సంగతి వేరు. అది పైకి ఏమీ చెప్పదు. ఏళ్ళ తరబడి ఓర్చుకుని, ఎక్కడో గోడలోపల, ఏ మలుపు దగ్గరో వెంట్రుకవాసి పగులిస్తుంది. ఆ పగులు మనకి కనిపించదు. కనిపించేవి గోడమీద చెమ్మ, రాలిపోయే సున్నం, నల్లటి బూజు. అపార్ట్‌మెంట్ అయితే ఇంకోటి కూడా - పైవాటా వాళ్ళకీ కిందివాటా వాళ్ళకీ మాటల్లేకపోవడం!

మా అపార్ట్‌మెంట్‌లో సరిగ్గా అదే అయింది. మాది విజయవాడ. ఎండల సంగతి వేరే చెప్పక్కర్లేదు కదా. నాలుగంతస్తుల బిల్డింగు, పదహారు వాటాలు. అసోసియేషన్ లెక్కల పుస్తకం రాసే పని నా నెత్తిన ఉండటంతో అందరి ఫిర్యాదులూ నా గుమ్మంలోకే వస్తాయి. రెండో అంతస్తు అక్కయ్యగారి పూజగది గోడకి చెమ్మ పట్టింది. ఆ గోడకి సరిగ్గా పైన మూడో అంతస్తు వాళ్ళ బాత్రూం. అమ్మాయి పెళ్ళిచూపులని రంగులేయించిన నెల తిరక్కుండానే గోడమీద మ్యాపు గీసినట్టు మరక! ‘వాళ్ళు బాత్రూంలో నీళ్ళు పారబోస్తూ కూచుంటారు, మా గోడ నానిపోతోంది’ అని ఈవిడ. ‘మేం ఉండేది ఇద్దరం, పొద్దున ఒక్క పూట స్నానాలు. మా వల్ల ఎలా అవుతుంది?’ అని ఆవిడ. ఉగాది పచ్చడి, వినాయక చవితి ఉండ్రాళ్ళు ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళు, లిఫ్టులో ఎదురైతే తలుపు వైపు తిరిగి నిలబడటం మొదలెట్టాయి.

ప్లంబరు మూడుసార్లొచ్చాడు. ఒకసారి టైల్స్ సందుల్లో తెల్లసిమెంటు పెట్టించాడు. ఇంకోసారి డ్రెయిన్ పైపు మార్చాడు. మూడోసారి ‘బిల్డింగే అంతమ్మా’ అనేసి వెళ్ళిపోయాడు. మరక మాత్రం పోలేదు. నాకు పుస్తకంలో తారీఖులు వేసుకునే అలవాటు. ఫిర్యాదులన్నీ వరసగా చూస్తే ఒక సంగతి తేలింది. కార్తీకం నుంచి శివరాత్రి దాకా చెమ్మ పెరుగుతోంది. ఎండలు ముదిరే సరికి తనంతట తనే ఆరిపోతోంది. బాత్రూంలో పారబోసే నీళ్ళ వల్లయితే ఎండాకాలంలో ఇంకా ఎక్కువ కావాలి, రెండుపూటలా స్నానాలు చేసేది అప్పుడేగా!

పైకి వెళ్ళి అడిగితే చెప్పారు - వేసవి రాగానే గీజరు ఆపేసి, దాని కింద ఉన్న చిన్న కాక్ కూడా కట్టేస్తారట. అంటే నీళ్ళు కారుతున్నది గీజరు నుంచి షవరుకి వచ్చే వేడినీళ్ళ లైన్లోంచే. అది కట్టేస్తే గోడ ఆరుతోంది, తెరిస్తే తడుస్తోంది.

ఇరుక్కుపోయిన గ్లాసులు

గోడ పగలగొడితే ఏం బయటపడిందో చెప్పేముందు, మనందరికీ తెలిసిన విషయమే ఒకటి గుర్తు చేస్తాను. స్టీలు గ్లాసులు ఒకదాన్లో ఒకటి ఇరుక్కుపోతే ఏం చేస్తాం? లోపలి గ్లాసులో చన్నీళ్ళు పోసి, బయటి గ్లాసుని వేణ్ణీళ్ళలో పెడతాం. బయటిది సాగుతుంది, లోపలిది ముడుచుకుంటుంది, రెండూ ఊడొస్తాయి. చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో వ్యాకోచం, సంకోచం అని బట్టీపట్టింది ఇదే.

ఏ వస్తువు ఎంత సాగుతుందన్నది మాత్రం ఆ వస్తువుని బట్టి ఉంటుంది. మీటరు పొడవున్న ఇనుప పైపు, ఒక్క డిగ్రీ వేడి పెరిగితే, 0.012 మిల్లీమీటరు సాగుతుంది. రాగి అయితే 0.017. మన తెల్ల పీవీసీ, వెన్నరంగు సీపీవీసీ పైపులు 0.06 నుంచి 0.08 దాకా సాగుతాయి. అంటే ఇనుముకి అయిదారు రెట్లు! ఆకుపచ్చరంగులో వచ్చే మామూలు పీపీఆర్ పైపు ఇంకా ఎక్కువ, 0.15 దాకా.

ఇంత చిన్న అంకెలతో మనకేం పని అనుకోకండి. డాబా మీద పది మీటర్ల పీవీసీ పైపు పరిచారు. తెల్లవారుజామున ఉన్నదానికీ, మిట్టమధ్యాహ్నం ఉన్నదానికీ 30 డిగ్రీల తేడా వేసుకోండి. రెండు సెంటీమీటర్ల పైమాటే సాగుతుంది. బొటనవేలి వెడల్పంత! అదే ఇనుప పైపు నాలుగు మిల్లీమీటర్లు కూడా సాగదు. పాతకాలం ఇళ్ళలో ఇనుప పైపుల్ని కరకరా బిగించేసినా నడిచిపోయింది. అదే చెయ్యి తిరిగిన పద్ధతిలో ప్లాస్టిక్ పైపుల్ని కూడా బిగించడంతోనే చిక్కంతా వచ్చింది.

పైపు సాగాలనుకుంటుంది, రెండు వైపులా సిమెంటు పట్టుకుని సాగనివ్వదు. అప్పుడా సాగాల్సిందంతా పైపు ఒంట్లోనే బిగువుగా ఉండిపోతుంది. చల్లబడి ముడుచుకోవాలన్నప్పుడూ అంతే, అటూ ఇటూ లాగినట్టు బిగువు. దీన్నే ఇంజనీర్లు ‘థర్మల్ స్ట్రెస్’ అంటారు. ఈ బిగువు ఎంతుంటుందో ఎద్దుబండి చక్రం చూసిన వాళ్ళకి తెలుస్తుంది. చక్రం చుట్టూ వేసే ఇనప పట్టాని చక్రంకన్నా పిసరు చిన్నదిగా చేయిస్తారు. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, సాగాక చక్రానికి తొడిగి, మీద నీళ్ళు గుమ్మరిస్తాడు. చుయ్‌మంటూ ముడుచుకుని అది చెక్కల్ని కరిచిపట్టుకుంటుంది. ఆ పట్టు ఏళ్ళ తరబడి రాళ్ళబాటల్ని తట్టుకుంటుంది. చక్రం విషయంలో మనకి పనికొచ్చిన బిగువే పైపు విషయంలో శత్రువు.

లెక్కవేస్తే, రెండు చివర్లా కదలకుండా బిగించిన ఇనుప పైపు 30 డిగ్రీలు వేడెక్కితే దానిలో ప్రతి చదరపు సెంటీమీటరుకీ సుమారు 700 కిలోల బరువు పెట్టినంత బిగువు పుడుతుంది. తమాషా ఏమిటంటే పైపు పొడవుతో దీనికి సంబంధం లేదు. ఒక మీటరైనా, పది మీటర్లైనా ఒకటే. ‘మాది చిన్న బాత్రూమే కదండీ, జానెడు పైపు’ అనడానికి లేదన్నమాట. ప్లాస్టిక్ పైపులో ఈ బిగువు ఇనుములో పదోవంతు కూడా ఉండదు. అంతమాత్రాన నయమనుకోకూడదు. ఇనుము బలమెక్కడ, ప్లాస్టిక్ బలమెక్కడ! పైగా వేడెక్కేకొద్దీ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మంచి సీపీవీసీ పైపే 82 డిగ్రీల దగ్గర, మామూలు వేడిలో తట్టుకోగలిగిన నీటి ప్రెషర్‌లో పావువంతే తట్టుకుంటుంది. ఇక మామూలు పీవీసీ అయితే, దాని ప్రమాణం ఐ.ఎస్. 4985 ప్రకారం 45 డిగ్రీల లోపు నీళ్ళకే. 60 డిగ్రీలకి దాని బలం దాదాపు పోయినట్టే లెక్క.

ఒక్కరోజు బిగువుకి ఏ పైపూ విరగదు. జడపిన్నుని ఒకసారి వంచితే విరుగుతుందా? అటూ ఇటూ పదిసార్లు వంచితే పుటుక్కుమంటుంది. పైపుకీ అంతే. పొద్దున గీజరు వేస్తాం, పదకొండింటికి చల్లారుతుంది. మర్నాడు మళ్ళీ. పదేళ్ళలో మూడువేల ఆరువందల సార్లు! అదీ పైపు మధ్యలో కాదు, ఎల్బో అనే మలుపు దగ్గరో, ఇత్తడి మర ప్లాస్టిక్‌తో కలిసే చోటో, గోడలోంచి బయటికొచ్చే అంచు దగ్గరో బయటపడుతుంది. సంసారంలో బరువంతా ఒక్కరిమీదే పడ్డట్టు, పైపు పొడవునా పుట్టిన బిగువంతా ఆ ఒక్క మలుపు మీద పడుతుంది.

గోడలో బయటపడ్డది

ఈసారి కొత్త ప్లంబర్ని పిలిపించాం. పిల్లాడు కుర్రాడే కానీ పని తెలిసినవాడు. రెండు టైల్స్ జాగ్రత్తగా తీసి, గోడ తొలిచి చూపించాడు. గీజరు దగ్గర కనపడేంత మేర సీపీవీసీ. టైల్స్ వెనక్కి వెళ్ళేసరికి తెల్ల పీవీసీ! కట్టినప్పుడు ఎవరో మిగిలిపోయిన ముక్కలు అతికేశారు. వేడినీళ్ళకి ఆ ముక్క కొంచెం వంగిపోయి కూడా ఉంది. ఎల్బోకి అటూ ఇటూ సిమెంటు దిమ్మలా పోసేశారు. ఎల్బో లోపలి వంపులో గోటిగీతంత పగులు. అంతే! ఇద్దరు పెద్దవాళ్ళని ఏడాదిన్నరపాటు మాట్లాడుకోనివ్వంది ఆ గోటిగీత.

రెండో అంతస్తు అక్కయ్యగారు స్వయంగా పైకెళ్ళి చూశారు. ‘ఇదా!’ అన్నారు. మూడో అంతస్తావిడ ఏం అనలేదు, లోపలికెళ్ళి కాఫీ కలుపుకొచ్చారు. ఖర్చు సగం సగం పంచుకున్నారు. అలా పంచుకోవడం న్యాయమేనా అని మా కమిటీలో ఒకరు లాజిక్ తీశారు కానీ, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ కుర్రాడి పని నేను దగ్గరుండి చూశాను. ఆడవాళ్ళం ప్లంబర్ పక్కన నిలబడితే ‘మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం కదా’ అంటారు చాలామంది. నిలబడండి. గోడ మూసేశాక మీరేం చూడలేరు, వాళ్ళూ చూడలేరు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు, బాత్రూం బాగుచేయించుకుంటున్నవాళ్ళు ప్లాస్టరింగ్‌కి ముందురోజు పైపుల మీది అక్షరాలు చదవండి. వేడినీళ్ళ లైన్ మీద సీపీవీసీ అని, ఐ.ఎస్. 15778 అని ఉండాలి. మలుపుల దగ్గర అంటించే జిగురు కూడా సీపీవీసీదే కావాలి. పీవీసీ జిగురు డబ్బా చేతికి దొరికింది కదా అని అది పూసేస్తే అతుకు వేడికి నిలవదు.

‘గట్టిగా బిగించేశానమ్మా, ఇంక ఛస్తే కదల్దు’ అని ప్లంబరు గర్వంగా చెబితే మాత్రం సంతోషించకండి. ‘కదలకపోతే ఎలా బాబూ?’ అనండి. పైపుని పట్టుకునే క్లాంపు చేతికి గాజు ఉన్నట్టుండాలి. పడిపోకూడదు, పట్టెయ్యనూ కూడదు. పైపు దాన్లో ముందుకీ వెనక్కీ జరగాలి. మలుపుని ఆనుకునే క్లాంపు కొట్టకుండా కాస్త ఎడంగా కొడితే ఆ మలుపు కొద్దిగా ఒరగడానికి వీలుంటుంది. గోడనిగానీ శ్లాబునిగానీ దాటేచోట ఒక సైజు పెద్ద పైపు ముక్క ముందుగా పెట్టి, దాన్లోంచి నీళ్ళ పైపు పోనివ్వాలి. దాన్ని స్లీవ్ అంటారు. పదిరూపాయల ముక్క అది. మా కుర్రాడు కొత్త ఎల్బోకి సిమెంటు నేరుగా తగలకుండా మెత్తటి ఫోమ్ ఒకటి చుట్టాడు. అది బాగుందనిపించింది. గోడలో పూడ్చే పైపు మీద ప్లాస్టరింగ్‌కి ముందు ఇనప జాలీ కొట్టిస్తే, పైపు దారిపొడుగునా సన్నటి బీటలు రావు.

టైల్స్ వెయ్యకముందు లైన్లో నీళ్ళు నింపి ప్రెషర్ పెట్టి చూస్తారు. అది చన్నీళ్ళతో చేసే పరీక్ష. నేనైతే ఇంకోటి కూడా అడుగుతాను. గీజరుంటే దానితో ఓ అరగంట వేణ్ణీళ్ళు, తర్వాత చన్నీళ్ళు, మళ్ళీ వేణ్ణీళ్ళు వదిలి చూడమంటాను. ఒక పూట ఆలస్యమవుతుంది. అవనీండి.

భూమిలో పూడ్చిన పైపు గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. బావినీళ్ళు ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఎందుకనిపిస్తాయి? లోతుకి వెళ్ళేకొద్దీ మట్టి వేడి పెద్దగా మారదు. మారేది మన ఒళ్ళే. మున్సిపాలిటీ పైపు అడుగు అడుగున్నర లోతున ఉన్నా ఆ మట్టి దానికి దుప్పటి. మట్టిలోంచి బయటికొచ్చి గోడెక్కే దగ్గర్నుంచే దాని కష్టాలు మొదలవుతాయి.

డాబా మీది కథ

అసలు కష్టమంతా డాబా మీద. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కొళాయి తిప్పితే ముందు వచ్చే నీళ్ళకి చెయ్యి చురుక్కుమంటుంది. మా చెల్లెలు రామగుండంలో ఉంటుంది. అక్కడ నల్లా అంటారు. ‘అక్కా, మా నల్లాలోకి ఎన్టీపీసీ వాళ్ళే నీళ్ళు కాచి పంపిస్తారు’ అని జోకులేస్తుంది. ట్యాంకు నుంచి దిగే పైపులు రోజల్లా నడినెత్తిన ఎండలో ఉంటాయి. వేడితో పాటు ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ని పెళుసు చేస్తాయి. పెళుసెక్కిన పైపు సాయంత్రం వాన పడి చటుక్కున చల్లబడితే ఎంతవరకు ఓర్చుకుంటుంది?

దీనికి పెద్ద ఖర్చు పెట్టక్కర్లేదు. నీళ్ళలో కలిసే తెల్ల ఎమల్షన్ రంగు రెండు పూతలు వేయించండి. ఎండని వెనక్కి కొడుతుంది. ఆయిల్ పెయింట్లు, టర్పెంటైన్ కలిపే రంగులు మాత్రం సీపీవీసీకి పడవు. పొడవాటి లైన్ సూటిగా లాగకుండా మధ్యలో ఒకచోట ‘యు’ ఆకారంలో వంపు పెట్టించండి. సాగినప్పుడు ఆ వంపు దగ్గరికొస్తుంది, ముడుచుకున్నప్పుడు దూరంగా జరుగుతుంది. మలుపులన్నీ బతికిపోతాయి. చూడ్డానికి బాగుండదని మా ఇంట్లో ఒప్పుకోలేదు మొదట. డాబా మీద చూసేదెవరు, కాకులు తప్ప!

సోలార్ హీటరు ఉన్నవాళ్ళకి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అక్కడ నీళ్ళు 70 డిగ్రీలు దాటడం కద్దు. 20 డిగ్రీల దగ్గర చల్లగా ఉన్న పది మీటర్ల సీపీవీసీ పైపులోకి 70 డిగ్రీల నీళ్ళొస్తే అది మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. ఇక గాజు ట్యూబుల సోలార్ అయితే, ట్యాంకు ఖాళీ అయి ట్యూబులు ఎండలో కాలిపోయి ఉన్నప్పుడు ‘నీళ్ళొచ్చాయి’ అని మిట్టమధ్యాహ్నం వాల్వు తిప్పకండి. మందపాటి గాజుగ్లాసులో పొగలు కక్కే కాఫీ పోస్తే ఫట్‌మని పగలడం చూసే ఉంటారు. లోపలి గాజు సాగిపోతుంది, బయటి గాజుకింకా వేడి అందదు. ట్యూబుల్లో జరిగేదీ అదే, కాకపోతే తలకిందులుగా. కాలిన గాజుకి చన్నీళ్ళు తగులుతాయి. సాయంత్రం చల్లబడ్డాకో, తెల్లవారుజామునో నింపండి. లాంతరు చిమ్నీ మీద ఒక్క నీటిబొట్టు పడితే ఏమయ్యేదో అమ్మమ్మల్ని అడగండి.

మనకి ఎండ ఎలాగో, చలిదేశాల్లో చలి అలాగ. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌ని మంచు ముంచెత్తినప్పుడు మా అక్క కూతురు డాలస్ దగ్గర ఉంది. అక్కడ మన తెలుగువాళ్ళు వేలమంది. ఫిబ్రవరి 16న డాలస్‌లో సున్నాకి దిగువన 19 డిగ్రీల దాకా పడిపోయింది. కరెంటు లేదు. ‘పిన్నీ, పక్కింటి సీలింగులోంచి జలపాతంలా నీళ్ళు పడుతున్నాయి, పైపులు పేలిపోతున్నాయి’ అని ఫోనులో వణుకుతూ చెప్పింది. నీళ్ళు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు పెరుగుతాయి. పైపులో ఒకచోట మంచు కడితే, ఆ మంచుకీ మూసిన కొళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ళమీద ప్రెషర్ విపరీతంగా పెరిగి పైపు చీలుతుంది. అందుకే అక్కడ అలాంటి రాత్రుల్లో కొళాయిల్ని సన్నగా కారనివ్వమంటారు. వీళ్ళింట్లో అలాగే కారనిచ్చి, సింకు కింద అల్మరా తలుపులు తెరిచిపెట్టారట, గదిలో ఉన్న కాస్త వెచ్చదనమూ పైపులకి తగిలేట్టు. వాళ్ళ పైపులు నిలిచాయి. మన లంబసింగిలో ఎంత చలేసినా ఆ గతి పట్టదు లెండి.

గీజరు కారితే కట్టెయ్యకండి

గడ్డకడితేనే కాదు, కాగితే కూడా నీళ్ళు పెరుగుతాయి. మన ఇళ్ళలో పట్టించుకోవలసింది ఈ రెండోదే. 25 డిగ్రీల నీళ్ళని 60 డిగ్రీలకి కాస్తే నూటికి ఒకటిన్నర వంతు పెరుగుతాయి. 25 లీటర్ల గీజరులో అది 350 మిల్లీలీటర్లు. పెద్ద గ్లాసెడు. పూర్వం కట్టెల పొయ్యి మీద రాగి కాగులో నీళ్ళు కాచుకునేవాళ్ళం. మూతి తెరిచే ఉండేది, పెరిగిన నీళ్ళు పైకొచ్చేవి, ఎవరికీ పట్టేది కాదు. గీజరు మూతి బిగించిన బిందె. చాలా గీజర్లలో చన్నీళ్ళు లోపలికి రావడమే కానీ వెనక్కి పోకుండా వాల్వు ఉంటుంది. అప్పుడా గ్లాసెడు నీళ్ళు ఎక్కడికి పోవాలి? అందుకే పక్కన చిన్న సేఫ్టీ వాల్వు పెడతారు. ప్రెషర్ మితిమీరితే అది తెరుచుకుని బొట్లు బొట్లుగా వదిలేస్తుంది.

మా పక్కవాటా వదినగారు ఓరోజు పిండివంటలు పట్టుకొచ్చి, మాటల్లో అన్నారు. ‘గీజరు కారడం మానేసింది వదినా! రోజూ పొద్దున్నే టప్ టప్ మని బాత్రూమంతా తడి. మీ అన్నయ్యగారు విసిగిపోయి ప్లంబర్ని పిలిచి ఆ వాల్వు తీయించి డమ్మీ కొట్టించేశారు. ఇప్పుడు ఒక్క చుక్క రాదు.’

నా చేతిలో జంతిక అలాగే ఉండిపోయింది.

‘వదినా, కుక్కరు కూత పెడుతోందని వెయిట్ మీద రుబ్బురాయి పెడతారా?’ అన్నాను.

‘అదేం మాట! పేలిపోదూ?’

‘మరి ఇదీ అంతే కదా!’

ఆవిడ మొహం పాలిపోయింది. వాళ్ళ మనవడు ఏడేళ్ళవాడు. రోజూ స్కూలు టైముకి సరిగ్గా ఆ గీజరు కిందే నిలబెట్టి స్నానం చేయిస్తారు. మామూలు రోజుల్లో నీళ్ళు కాగగానే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది. అది చెడిపోయి ఆపకపోతే? మూతబిగిసిన ట్యాంకులో నీళ్ళు నూరు డిగ్రీలు దాటి కాగుతూనే ఉంటాయి. ఆ ట్యాంకు ఎక్కడైనా చీలిందంటే లోపలి నీళ్ళలో కొంత భాగం క్షణంలో ఆవిరవుతుంది. లీటరు నీళ్ళు ఆవిరైతే సుమారు పదిహేడు వందల లీటర్ల చోటు కావాలి. బాత్రూంలో అంత చోటెక్కడిది! అంతదాకా పోనక్కర్లేదు, 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్నే అయిదు సెకన్లలో కాల్చేస్తాయి. పసివాళ్ళకి ఇంకా తొందరగా.

‘స్విచ్చి ఆపి వస్తా’ అని ఆవిడ లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే కంపెనీ మెకానిక్‌ని పిలిపించి డమ్మీ తీయించి కొత్త వాల్వు పెట్టించారు. అన్నయ్యగారు ముందు గొణిగారట. మనవడి పేరెత్తగానే ఊరుకున్నారు.

వాల్వు కారడంలో మంచీ చెడూ ఎలా తెలుసుకోవాలంటే - గీజరు కాగుతున్నంతసేపూ బొట్లు పడి, ఆపాక ఆగిపోతే అది దాని ధర్మం చేస్తోందన్నమాట. స్విచ్చి ఆపేసినా రోజంతా కారుతూనే ఉంటే వాల్వు అరిగిపోయి ఉండాలి, లేదా లైన్లో ప్రెషర్ ఎక్కువై ఉండాలి. అప్పుడు వాల్వు మార్పించాలి, మూయించకూడదు. బోరునీళ్ళు వాడే ఊళ్ళలో ఉప్పు పేరుకుని వాల్వు అతుక్కుపోవడం మామూలే. అది అసలు కారకపోవడం ఇంకా ప్రమాదం. ఏడాదికోసారి గీజరు సర్వీసింగప్పుడు ‘వాల్వు పనిచేస్తోందా, చూపించు’ అని అడగండి.

వదినగారింట్లో ఇప్పుడు ఆ వాల్వుకి సన్నటి ట్యూబు తగిలించి మూలనున్న బకెట్లోకి వదిలారు. ట్యూబు చివర మూసెయ్యకుండా, మడతపడకుండా కిందికి వాలేట్టు పెట్టమని మెకానిక్ మరీమరీ చెప్పి వెళ్ళాడు. పూటకి గ్లాసెడు పడుతున్నాయట. వారానికోసారి ఆ నీళ్ళతో డాబా మీది తులసికోట కడుగుతున్నారు.